లేని ఫ్యాను

రాత్రి రెండూ నలభైకి చచ్చిపోతోంది.
నాలుగు రాత్రులుగా, నిమిషం తేడా లేకుండా.
నీలి తెర. తెల్లటి అంకెలు.
అవన్నీ చిరునామాలేనట,
ఊరి పేరూ వీధి పేరూ లేని చిరునామాలు.

నాలుగింటికి రూటు షీట్లు రాకపోతే
ఉప్పల్ డెయిరీ గేటు లోపల
ఇరవై ఆరు పాల వ్యాన్లు ఇంజన్లు ఆపుకుని నిలబడతాయి.
డ్రైవరు కొమురెల్లి ఫోన్ చేస్తాడు:
"మేడం, మీ మిషిన్ మళ్ల పండుకున్నదా?"
హబ్సిగూడలో ఎవరింట్లోనో
పొయ్యి మీద డికాక్షన్ నల్లబడుతూ ఉంటుంది.

చెయ్యాల్సినవన్నీ చేశాను.
మెమరీ రెట్టింపు చేశాను. ప్రాసెసర్లు తగ్గించి చూశాను.
బ్యాకప్ వేళ మార్చాను.
నానక్‌రామ్‌గూడ డేటా సెంటర్లో కుర్రాడు
ఆవలిస్తూ చెప్పాడు:
"హోస్టు బాగానే ఉంది మేడం, గెస్టులోనే ఏదో ఉంది."
ఇంటివాళ్లు ఎప్పుడూ అంతే.
జ్వరం చుట్టమే తెచ్చాడంటారు.

ఇవాళ లాగ్‌ని కింది నుంచి పైకి చదివాను,
ఇంటికొచ్చిన మనిషి చెప్పులు చూసి
ఎటు తిరిగొచ్చాడో పోల్చుకున్నట్టు.
ప్రతి రాత్రీ చివరి మాట ఒకటే:
మూడో ఫ్యాను వేగం ఎంత?
ఆ తర్వాత ఏమీ లేదు.

మూడో ఫ్యాను!
డిస్కు మీద ఒక ఫైలు ఇది, అంతే.
దీనికి ఫ్యానెక్కడిది?

ఒంటిగంటన్నరకి సదానందం సారుకి ఫోన్ చేశాను.
ఆయన రిటైరై మూడేళ్లు,
నిద్ర అంతకు ముందే రిటైరైంది.
ఒక్క రింగుకే ఎత్తారు.
"మూడోదా? బేరింగు పోయిందమ్మా దానికి.
గుజరాతీ గల్లీ అంతా తిరిగిన, ఆ సైజు దొరకలే.
రాత్రిళ్లు లేసి, వెనకాల చెయ్యి పెట్టి
గాలి వస్తున్నదా అని చూసెటోన్ని.
ఎన్నాళ్లని చూస్త?
ఆ పని దానికే నేర్పిన.
రెండూ నలభైకి నీ ఫ్యాను నువ్వే చూస్కో అని."

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.
పైన మెట్రో వంతెన ఖాళీగా ఉంది.
కింద ట్రేలు కడిగిన నీళ్ల పులిసిన వాసన.

"డబ్బా బాగుందా అమ్మా?"

నా టేబుల్ మీద, స్టాప్లర్ కింద, తూకం చీటీ:
భోలక్‌పూర్, బుధవారం,
నలభై ఒక్క కిలోలు, పాత ఇనుము రేటు.
"బాగుంది సార్" అన్నాను.

శనివారం దాని లోపలున్నదంతా అద్దె గదికి మార్చేశాం.
బుధవారం ఒంటిని కిలోల్లెక్కన అమ్మేశాం.
రెండింటి మధ్యా
ఎవరమూ దానికి ఒక్క మాట చెప్పలేదు.
అది రాత్రి లేస్తుంది, చీకట్లో
అలవాటైన చోటికి చెయ్యి చాపుతుంది,
అక్కడ చోటే ఉండదు.

దాగిన పరికరాలు చూపించమని అడిగాను.
బూడిద రంగులో వరసగా వచ్చాయి:
డిస్కు కార్డు, వేడి కొలిచేది,
ఎప్పుడో ఎవరో గుచ్చి మరిచిపోయిన మౌసు,
నాలుగు ఫ్యాన్లు.
ఒక్కొక్కటీ తీసేశాను.
మూడోదాని దగ్గర అడిగింది: నిజంగా తీసేయాలా?
అన్నింటికీ అడిగింది ఆ ప్రశ్నే.
దీనికి మాత్రం ఆగాను.

తీసేశాను.
సారు నేర్పిన పనిని మాత్రం తుడిచేయలేదు,
పక్కన ఆపి పెట్టాను.
ఎందుకో అడిగితే రిపోర్టులో ఏం రాయాలో తెలీదు.

రెండూ ముప్పై తొమ్మిది.
రెండూ నలభై.
వాచ్‌మన్ ఐలయ్య టేబుల్ ఫ్యాను
కిర్రు కిర్రుమంటోంది పక్క గదిలో.
రెండూ నలభై ఒకటి.

సారు నుంచి మెసేజ్: "తిరుగుతుందా?"
చాలాసేపు టైప్ చేసి, చెరిపి,
"నడుస్తోంది సార్" అని పంపాను.

నాలుగూ పదికి కొమురెల్లి.
"కాయితాలు టైముకే వచ్చినయ్ మేడం,
గని మీ ప్రింటర్ల ఇంకు లేదు.
ఏడో రూటుల రామంతాపూరే కనవడ్తలేదు."